పన్నెండు రిజిస్టర్లు, ఒకే కాలువ: ఉమ్మడి రిస్కుల లెక్క

(నీటిపారుదల, నిర్మాణ రంగాల ఇంజనీర్ల కోసం చేసిన ప్రసంగం పాఠం)

అందరికీ నమస్కారం. ఒక్క పనికి రిస్కు రిజిస్టరు (ఏం తప్పొచ్చు, తప్పితే ఏం చేయాలి అనే జాబితా) ఎలా రాయాలో ఇవాళ చెప్పను. అది మీరు రాస్తూనే ఉన్నారు. ఒకే ఆఫీసు కింద పదో పదిహేనో పనులు ఒకేసారి నడుస్తున్నప్పుడు వాటన్నింటినీ ఒకే దెబ్బతో పడగొట్టే కారణాలను ఎలా పట్టుకోవాలి, ఎలా లెక్కగట్టాలి, అందుకు డబ్బూ రోజులూ ఎక్కడ పెట్టుకోవాలి అన్నది ఇవాళ్టి విషయం. ఉదాహరణ గోదావరి డెల్టా కాలువల ఆధునికీకరణ నుంచి తీసుకుంటున్నాను. రోడ్లు, సబ్‌స్టేషన్లు, కాలనీ ఇళ్లు చూసేవాళ్లకూ ఇదే పద్ధతి పనికొస్తుంది.

డెల్టా ఎందుకంటే, అక్కడ ఉమ్మడి రిస్కు దాక్కోవడానికి చోటు లేదు. ధవళేశ్వరం బ్యారేజీ కింద తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు కలిపి సుమారు 10 లక్షల ఎకరాలు. సార్వా (ఖరీఫ్) వరి, దాళ్వా (రబీ) వరి. కాలువలో నీళ్లు పారుతుండగా లైనింగ్ (అడుగుకూ వాలులకూ కాంక్రీటు పొర) వేయలేం, పాత స్లూయిస్ (తూము) తీసి కొత్తది కట్టలేం. దాళ్వాకు నీళ్లు ఆపేశాక, సార్వాకు మళ్లీ వదిలేలోపు ఎంత సందు దొరికితే అంతలో చేసుకోవాలి. ఏప్రిల్ 16న మూసి జూన్ 1న వదిలారనుకోండి, చేతిలో ఉండేవి 45 రోజులు. అందులో మొదటి 5 రోజులు నీళ్లు దిగడానికి, గుంటల్లో నిలిచినవి తోడడానికి పోతాయి. చివరి 5 రోజులు జాయింట్లు నింపడానికి, అడ్డుకట్టలు తీయడానికి, యంత్రాలు గట్టెక్కించడానికి పోతాయి. కాంక్రీటు వేయడానికి మిగిలేది 35 రోజులు. ఇది లెక్క కోసం నేను వేసుకున్న క్యాలెండరు. ఏటా తేదీలు కొంచెం అటూఇటూ జరుగుతుంటాయి.

ఇప్పుడు 12 ప్యాకేజీలు (విడివిడి కాంట్రాక్టు పనులు) ఉన్నాయనుకుందాం. ఒక్కొక్కటి 4 కిలోమీటర్ల లైనింగ్. కాలువ అడుగు, రెండు వాలులు కలిపి 15 మీటర్లు, మందం 10 సెంటీమీటర్లు. అంటే 60,000 చదరపు మీటర్లు, 6,000 ఘనపు మీటర్ల కాంక్రీటు. 35 రోజుల్లో వేయాలంటే రోజుకు 171. ఒక ట్రాన్సిట్ మిక్సరు ఒక ట్రిప్పుకు 6 ఘనపు మీటర్లు, రోజుకు 5 ట్రిప్పులు, అంటే 30. ఆరు మిక్సర్లు చాలు. ఎక్కడా అతిశయోక్తి లేదు, ప్యాకేజీ ఇంజనీరు వేసిన ప్రణాళిక సరైనదే.

ఆయన తన రిజిస్టరులో ఒక వరుస రాస్తాడు: “కాలువ మూసివేత 10 రోజులు ఆలస్యం కావచ్చు. పరిష్కారం: అదనపు మిక్సర్లు అద్దెకు తెచ్చుకోవడం.” 35 కాస్తా 25 రోజులైతే రోజుకు 240 ఘనపు మీటర్లు, ఎనిమిది మిక్సర్లు. రెండు ఎక్కువ. రాజమహేంద్రవరంలోనో తణుకులోనో రెండు మిక్సర్లు దొరకవా? దొరుకుతాయి. రిస్కు తక్కువ అని ఆకుపచ్చ రంగు వేస్తాడు.

ఇదే వరుస పన్నెండు రిజిస్టర్లలోనూ ఉంటుంది. పన్నెండుచోట్లా పచ్చరంగే. పైన కూర్చున్న అధికారి పన్నెండు పచ్చలు చూసి సంతకం పెడతాడు. కానీ మూసివేత ఆలస్యమైతే పన్నెండింటికీ ఒకేరోజున ఆలస్యమవుతుంది. 72 మిక్సర్లు తిరగాల్సినచోట 96 కావాలి. ఆ వారమే 24 మిక్సర్ల కోసం పన్నెండుమంది ఒకే యార్డుకు ఫోన్ చేస్తారు. రోజుకు 2,057 ఘనపు మీటర్ల కాంక్రీటు 2,880కి పెరుగుతుంది. ఘనపు మీటరుకు 0.45 చొప్పున ఇసుక రోజుకు 926 నుంచి 1,296 ఘనపు మీటర్లకు, 6.4 బస్తాల చొప్పున సిమెంటు 13,200 బస్తాల నుంచి 18,400 బస్తాలకు ఎక్కుతుంది. మెట్ట ప్రాంతం క్వారీల నుంచి కంకర తెచ్చే టిప్పర్లు అదే నిష్పత్తిలో పెరగాలి, అవన్నీ అవే రోడ్లమీద, అవే కాలువగట్ల మీద నడవాలి. కాలువగట్టు మీద ఎదురెదురుగా రెండు టిప్పర్లు తప్పుకోవడం ఎంత సులువో చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

రిస్కు ఉమ్మడిదని తెలుసుకోవడం కష్టం కాదు. మూసివేత ఆలస్యమైతే అందరికీ నష్టమేనని కాలువ కాపలా చూసే లస్కరుకు కూడా తెలుసు. చాలామంది చూడనిది ఇంకోటుంది: పరిష్కారం కూడా ఉమ్మడిదే. విడివిడిగా చూస్తే బాగా పనిచేసే ఉపాయం, అందరూ ఒకేసారి వాడబోతే పనిచేయదు. కాబట్టి రిజిస్టర్లు కలిపి చదివేటప్పుడు ‘రిస్కు’ అనే నిలువు వరుస కంటే ముందు ‘పరిష్కారం’ అనే వరుస చదవండి. అక్కడ ఒకే వాక్యం మూడుసార్లు కనబడితే ఆ వాక్యాన్ని కొట్టేయండి. “పక్క జిల్లా నుంచి కూలీలను రప్పిస్తాం”, “ప్రత్యామ్నాయ రీచ్ నుంచి ఇసుక తెస్తాం”, “రాత్రిపూట కూడా పని చేస్తాం” – ఈ మూడూ ఎక్కువగా కనిపిస్తాయి. మూడోది రాసినచోట జనరేటర్లు, లైటింగ్ టవర్లు ఎవరి దగ్గర అద్దెకున్నాయో అడగండి. సాధారణంగా సమాధానం ఒకే పేరు.

ఇప్పుడు కొంచెం గణితం. భయపడకండి, వర్గమూలం దాటి వెళ్లను.

ఒక్కో ప్యాకేజీ గడువు తప్పే అవకాశం నూటికి 10 అనుకుందాం. అవి ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా తప్పుతాయనుకుంటే, పన్నెండూ సకాలంలో అయ్యే అవకాశం 0.9 ని పన్నెండుసార్లు గుణిస్తే వస్తుంది: నూటికి 28. ఏటా ఒకటో రెండో వెనకబడతాయి. సగమో అంతకంటే ఎక్కువో ఒకేసారి తప్పే అవకాశం పదివేలలో 5. దాని గురించి ఎవరూ ఆలోచించరు, ఆలోచించనక్కర్లేదు కూడా. ఇప్పుడు రెండో కొస చూడండి. తప్పడానికి ఒకే కారణం ఉంది, అది వస్తే పన్నెండూ తప్పుతాయి, రాకపోతే ఒక్కటీ తప్పదు. అప్పుడు పన్నెండూ సకాలంలో అయ్యే అవకాశం నూటికి 90, పన్నెండూ తప్పే అవకాశం నూటికి 10. సగటు మాత్రం రెండుచోట్లా ఒకటే, ఏటా 1.2 ప్యాకేజీలు. సగటు చూసి ప్రణాళిక వేసేవాడికి ఈ రెండు ప్రపంచాలకూ తేడా కనబడదు.

రెండో ప్రపంచంలో ఇంకో ప్రమాదం ఉంది. పదేళ్లలో తొమ్మిదేళ్లు అంతా సవ్యంగా నడుస్తుంది. ఆ తొమ్మిదేళ్లలో ఆఫీసు తన పద్ధతి గొప్పదని నమ్ముతుంది, దగ్గర పెట్టుకున్న రోజులూ డబ్బూ అనవసరమని తగ్గించుకుంటూ వస్తుంది. గత అనుభవాన్ని బట్టి ఉమ్మడి రిస్కును అంచనా వేయొద్దని నేను గట్టిగా చెప్పేది అందుకే.

ఇక డబ్బు. ఒక్కో ప్యాకేజీ ఖర్చు అంచనా నుంచి అటూఇటూ కదలడాన్ని ప్రామాణిక విచలనంతో కొలిస్తే కోటి రూపాయలు అనుకుందాం. పన్నెండింటి మొత్తం ఎంత కదులుతుంది? సంబంధమే లేకపోతే 12కి వర్గమూలం, 3.46 కోట్లు. పూర్తిగా కలిసి కదిలితే 12 కోట్లు. ఏ రెండింటిని తీసుకున్నా పరస్పర సంబంధం (సున్నా అంటే లేనట్టు, 1 అంటే పూర్తిగా కలిసి కదిలినట్టు) 0.3 ఉందనుకుంటే, 12కి 132 ఇంటూ 0.3 కలిపి, వచ్చిన 51.6కి వర్గమూలం తీయండి: 7.18 కోట్లు. నూటికి 80 పాళ్లు నమ్మకం కావాలంటే ఈ విచలనాన్ని 0.84తో గుణించి నిల్వ పెట్టుకోవాలి. వరసగా 2.9 కోట్లు, 10.1 కోట్లు, 6 కోట్లు. 0.3 అనేది వినడానికి చిన్న సంఖ్య. కానీ కావాల్సిన నిల్వ రెట్టింపు దాటింది.

ప్యాకేజీల సంఖ్య పెంచితే రిస్కు పంచుకుపోతుంది కదా అని అడుగుతారు. 24 చేయండి. సంబంధం లేని ప్రపంచంలో మొత్తం విచలనం 4.9 కోట్లు, ఒక్కో ప్యాకేజీ వాటా 29 లక్షల నుంచి 20 లక్షలకు తగ్గుతుంది. 0.3 ఉన్న ప్రపంచంలో మొత్తం 13.8 కోట్లు, ఒక్కో వాటా 60 లక్షల నుంచి 57 లక్షలకు తగ్గుతుంది. వంద చేసినా, వెయ్యి చేసినా 55 లక్షల కిందికి దిగదు. ఆ అడుగు భాగం ఉమ్మడి కారణానిది. సంఖ్య పెంచి దాన్ని కరిగించలేం.

ఇది 1952లో హ్యారీ మార్కోవిట్జ్ షేర్ల గురించి చెప్పిన లెక్కకు దగ్గరిదే. ఒక తేడా మర్చిపోవద్దు. షేరు నచ్చకపోతే సాయంత్రానికి అమ్మేయొచ్చు. సగం లైనింగ్ అయిన కాలువను ఎవరికి అమ్ముతాం?

మరి ఆ 0.3 ఎక్కడినుంచి వస్తుంది? పన్నెండు ప్యాకేజీల మధ్య 66 జతలున్నాయి. ఒక్కో జతకు సంబంధం ఎంతో చెప్పమని మీటింగులో అడిగితే నోటికొచ్చిన సంఖ్యలు వస్తాయి. అలా అడగొద్దు. కారణాల నుంచి కట్టుకుంటూ రండి. ఒక ప్యాకేజీ ఆలస్యం అంటే రెండు ముక్కల మొత్తం: అందరికీ వచ్చే ఉమ్మడి ఆలస్యం, దాని సొంత ఆలస్యం. మొత్తం విచలనం 10 రోజులు, అందులో ఉమ్మడి కారణాల నుంచి వచ్చేది 5.5 రోజులైతే, 5.5 వర్గం 30, 10 వర్గం 100, నిష్పత్తి 0.3. మీ సంబంధం అదే.

దీన్ని ఎక్సెల్‌లో సిమ్యులేషన్‌గా (రాండమ్ సంఖ్యలతో పదేపదే నడిపి) వేసేటప్పుడు దాదాపు అందరూ చేసే తప్పు ఒకటుంది. మొదటి ప్యాకేజీ వరుసలో ‘మూసివేత ఆలస్యం’ గడిలో రాండమ్ సంఖ్య ఫార్ములా రాసి, దాన్ని కింద పన్నెండు వరుసలకూ లాగుతారు. ప్రతి వరుసకూ విడిగా ఒక సంఖ్య పుడుతుంది. అంటే తూర్పు డెల్టా మొదటి ప్యాకేజీకి మూసివేత 12 రోజులు ఆలస్యం, దాని కిందున్న రెండో ప్యాకేజీకి సున్నా. ఒకే హెడ్ స్లూయిస్ మీద అది ఎలా సాధ్యం? మూసివేత గడి షీటులో ఒక్కటే ఉండాలి, పన్నెండు వరుసలూ డాలర్ గుర్తులతో లాక్ చేసిన ఆ ఒక్క గడినే చూడాలి. ఈ ఒక్క దిద్దుబాటుతో ఫలితం వెడల్పు రెట్టింపవడం మామూలే. ఎవరైనా సిమ్యులేషన్ చూపిస్తే, ముందు ఆ గడి మీద క్లిక్ చేసి చూడండి.

ఇప్పుడు కారణాల పట్టిక. అడ్డంగా ప్యాకేజీలు, నిలువుగా కారణాలు. గడిలో టిక్కు పెట్టొద్దు, సంఖ్య రాయండి: ఈ కారణం వస్తే ఈ ప్యాకేజీ ఎన్ని రోజులు, ఎన్ని లక్షలు పోగొట్టుకుంటుంది. లైనింగ్ ప్యాకేజీకి మూసివేత 10 రోజుల ఆలస్యం అంటే 10 రోజులూ పోయినట్టే. డ్రెయిన్ల మీద వంతెన ప్యాకేజీకి మూడు రోజులే పోవచ్చు. డ్రెయిన్ సముద్రంలో కలిసేచోటి ఔట్‌ఫాల్ స్లూయిస్‌కు కాలువ మూసివేతతో పెద్ద సంబంధం లేకపోవచ్చు. దానికి సముద్రపు ఆటుపోట్లు ముఖ్యం. నింపడం అయ్యాక అడ్డంగా కూడండి, నిలువుగా కూడండి. నిలువు మొత్తం ఎక్కువున్న ప్యాకేజీ కష్టమైనది, అది మీకు ముందే తెలుసు. అడ్డం మొత్తం ఎక్కువున్న కారణం ఉమ్మడి రిస్కు. పట్టిక కట్టేది దానికోసమే.

కారణం రాసేటప్పుడు ఒక నిబంధన. “పనుల జాప్యం”, “నాణ్యత లోపం”, “నిధుల కొరత” – ఇవి కారణాలు కావు, ఫలితాలు. ఎందుకు అని కనీసం రెండుసార్లు అడగండి. కాంక్రీటు ఆగింది. ఎందుకు? ప్లాంటు ఆగింది. ఎందుకు? కంకర రాలేదు. ఎందుకు? క్రషరుకు కరెంటిచ్చే ఫీడరు పోయింది. మొదటి మెట్టు దగ్గర మూడు ప్యాకేజీలకు మూడు ప్లాంట్లు కనిపిస్తాయి, వేర్వేరుగా ఉన్నాయని ధైర్యంగా ఉంటుంది. మూడో మెట్టు దగ్గర మూడూ ఒకే క్రషరుకు చేరతాయి. ఉమ్మడి కారణాలు చాలావరకు రెండో, మూడో మెట్టు మీద ఉంటాయి. అందుకే కాంట్రాక్టరును అడిగితే సరిపోదు. ఆయన సబ్ కాంట్రాక్టరెవరు, ఆ సబ్ కాంట్రాక్టరుకు సెంట్రింగ్ సామాను ఇచ్చేదెవరు, తాపీ ముఠా ఏ మేస్త్రీది అని అడగాలి. మేస్త్రీ పేర్లు రాయించి చూడండి, నాలుగు కంపెనీల వెనుక ఇద్దరు మేస్త్రీలు తేలడం ఆశ్చర్యమేం కాదు.

మన సొంత ఆఫీసును పట్టికలో పెట్టడం అందరూ మర్చిపోతారు. పన్నెండు ప్యాకేజీలకూ క్వాలిటీ కంట్రోల్ సబ్ డివిజన్ ఒకటే అయితే, రోజుకు ఒక డీఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు) ఎన్ని సైట్లు తిరగగలడు? అడుగుభాగం చూసి అనుమతి ఇవ్వనిదే కాంక్రీటు వేయకూడదన్న నిబంధన ఉన్నప్పుడు, ఆయన జీపు కూడా ఒక ఉమ్మడి కారణమే. క్యూబులు (కాంక్రీటు నమూనా దిమ్మలు) పరీక్షించే ల్యాబు ఒకటే, అందులో కంప్రెషన్ మిషను ఒకటే అయితే, దాని క్యాలిబ్రేషన్ గడువు మే నెలలో ముగుస్తుందేమో ఫిబ్రవరిలోనే చూసుకోవాలి. డిజైను కూడా అంతే. నల్లరేగడి నేలలో లైనింగ్ కింద ఉబ్బని మట్టి పొర ఎంత మందం ఉండాలన్నది ఒకే టైప్ డ్రాయింగులో పన్నెండు ప్యాకేజీలకూ ఇచ్చారనుకోండి. ఆ మందం చాలకపోతే లైనింగ్ ఒకచోట పగలదు, పన్నెండుచోట్లా పగులుతుంది, అదీ రెండు మూడేళ్ల తర్వాత. ప్రామాణిక డ్రాయింగు శ్రమ తగ్గిస్తుంది, నేను దానికి వ్యతిరేకిని కాను. దాన్ని తనిఖీ చేయడానికి మాత్రం ఒక్క ప్యాకేజీ డ్రాయింగు కంటే పన్నెండు రెట్లు జాగ్రత్త కావాలి.

డబ్బు చెల్లించే చేయి ఒకటే కావడం మరో కారణం. దీనికి మన రాష్ట్రంలోనే పెద్ద ఉదాహరణ ఉంది. అనంతపురం, కర్నూలు, కడప వైపు సౌర, పవన విద్యుత్ కేంద్రాలు చూడండి. కంపెనీలు వేరు, యంత్రాలు వేరు; ఒకటి ఎండ మీద, ఒకటి గాలి మీద నడుస్తుంది. ప్రకృతి పరంగా చక్కగా పంచుకున్న రిస్కు. కానీ వాటిలో చాలావాటి కరెంటు కొనేది రాష్ట్ర డిస్కంలే. 2019 జూలైలో రాష్ట్ర ప్రభుత్వం పాత కొనుగోలు ఒప్పందాల ధరలను మళ్లీ మాట్లాడాలని కమిటీ వేసేసరికి, ఎండకూ గాలికీ తేడా లేకుండా అన్ని ప్రాజెక్టుల రాబడీ ఒకేసారి ప్రశ్నార్థకమైంది. ఒప్పందం ధరే చెల్లించాలని హైకోర్టు ధర్మాసనం తీర్పు ఇచ్చింది 2022 మార్చిలో. మధ్యలో రెండున్నరేళ్లకు పైగా. ఎవరిది న్యాయం అన్నది ఇక్కడ మన విషయం కాదు. ఎండ, గాలి అని పంచిపెట్టిన పెట్టుబడికి కొనుగోలుదారు అనే అడ్డవరుస మాత్రం పంచలేదు, అది చూడండి.

మన కాలువ పనుల్లో ఆ చేయి బిల్లులు చెల్లించే ఖాతా. కొలతలు ఎం-బుక్కులో ఎక్కి, పే అండ్ అకౌంట్స్ ఆఫీసు దాటి, సీఎఫ్‌ఎంఎస్‌లో (రాష్ట్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చెల్లింపుల వ్యవస్థలో) ఆగిన బిల్లు ఒక ప్యాకేజీదే కాదు, అన్నీ అక్కడే ఆగుతాయి. ఆగితే ఏమవుతుంది? కాంట్రాక్టరు మార్చిలో ఇసుక, కంకర కొని నిల్వ చేయలేడు. మిక్సర్ల యజమానికి అడ్వాన్సు ఇవ్వలేడు, ఆ మిక్సర్లు హైవే పనికి వెళ్లిపోతాయి. ఏప్రిల్‌లో మూసివేత ఆలస్యమైందనుకోండి, అప్పుడు అదనపు మిక్సర్లు తెచ్చుకునే శక్తి లేనివాడు ఆయనే. రిజిస్టరులో బిల్లుల ఆలస్యం ఒక వరుస, మూసివేత ఆలస్యం ఇంకో వరుస. ఒక్కొక్కటి విడిగా ‘మధ్యస్థం’. రెండూ కలిసి వస్తే సీజను పోయినట్టే. అందుకని పట్టిక పూర్తయ్యాక, ఎక్కువ మొత్తం వచ్చిన నాలుగు కారణాలను జతలుగా తీసుకుని, రెండూ కలిసి వస్తే ఏమవుతుందో ఆరు జతలకూ కథ నడిపి చూడండి. ఆరు జతలే, ఒక పూట పని.

స్టీలు, డీజిల్ ధరల గురించి ఎక్కువ చెప్పను. ఒప్పందంలో ధరల సర్దుబాటు క్లాజు ఉంటే కాంట్రాక్టరు రిస్కు శాఖకు వస్తుంది, లేకపోతే శాఖ రిస్కు కాంట్రాక్టరు దగ్గర ఉంటుంది. ఎవరి దగ్గరున్నా అది అన్ని ప్యాకేజీలకూ ఒకేసారి వచ్చేదే.

టెండరు అర్హత దగ్గర మాత్రం ఒక్క నిమిషం ఆగాలి. బిడ్ కెపాసిటీ సూత్రం మీకు తెలుసు: రెండింతల ‘ఏ’ ఇంటూ ‘ఎన్’, అందులోంచి ‘బి’ తీసేయాలి. ‘ఏ’ అంటే గత ఐదేళ్లలో ఒక ఏడాది చేసిన అత్యధిక పని విలువ, ‘ఎన్’ అంటే కొత్త పని గడువు ఏళ్లలో, ‘బి’ అంటే చేతిలో ఉన్న పనుల విలువ. ఇది నిజానికి ఉమ్మడి రిస్కును అడ్డుకోవడానికి పెట్టిన జల్లెడే, ఒకే కాంట్రాక్టరు మీద మోయలేనంత పని పడకూడదని. డెల్టా పనుల్లో ఆ జల్లెడకు చిల్లు ‘ఎన్’ దగ్గర ఉంది. గడువు రెండేళ్లని రాస్తాం, ‘ఎన్’ రెండవుతుంది, అర్హత పెరుగుతుంది. కానీ ఆ రెండేళ్లలో కాంక్రీటు వేయగలిగేది రెండు మూసివేతలు, అంటే 70 రోజులు. సూత్రం ప్రకారం నాలుగు ప్యాకేజీలకు అర్హుడైనవాడు నాలుగింటినీ అవే 70 రోజుల్లో చేయాలి. కాబట్టి సూత్రంతో పాటు ఇంకో కాగితం అడగండి: మూసివేత రోజుల్లో రోజువారీగా ఏ యంత్రం ఏ ప్యాకేజీ దగ్గర ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబర్లతో సహా. ఒకే నంబరు రెండుచోట్ల కనిపిస్తే అక్కడే పట్టుకోవచ్చు.

ఇక ముందు హెచ్చరిక. మూసివేత ఆలస్యం ఏప్రిల్‌లో ఆకాశం నుంచి ఊడిపడదు. నవంబరు, డిసెంబరుల్లో తుఫాను వస్తే సార్వా కోతలు వెనకపడతాయి. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తీరం దాటినట్టు. కోతలు వెనకపడితే దాళ్వా నారుమళ్లు, నాట్లు వెనకపడతాయి. 120 రోజుల రకాలు వేసినా, నాటు పడ్డాక దాదాపు 85 రోజులు నీళ్లు కావాలని మోటు లెక్క వేసుకోవచ్చు. జనవరి 15కు నాట్లు ముగిస్తే ఏప్రిల్ 10కి నీటి అవసరం తీరుతుంది. జనవరి 31 దాకా సాగితే ఏప్రిల్ 26. అంటే మీరు ఏప్రిల్ 16న మూయలేరని జనవరి ఆఖరుకే తెలిసిపోయింది, రెండున్నర నెలల ముందు. ఈ సంఖ్య వ్యవసాయ శాఖ దగ్గర వారంవారం ఉంటుంది, కావాల్సిందల్లా మన రివ్యూ కాగితంలో ఒక వరుస. దాళ్వా ఆఖరుకు గోదావరిలో సహజ ప్రవాహం తగ్గి సీలేరు జలవిద్యుత్ కేంద్రాల నుంచి వదిలే నీటి మీద ఆధారపడతాం కాబట్టి, ఆ విడుదలలు రెండో వరుస. మూసే ముందు ఊళ్ల మంచినీటి చెరువులు నింపాలి, ఎన్ని నిండాయన్నది మూడో వరుస. ఒక్కోదానికీ ఒక తేదీ, ఒక హద్దు. “జనవరి 21 నాటికి నాట్లు నూటికి 95 దాటకపోతే 25 రోజుల ప్రణాళికకు మారతాం” అని ముందే రాసుకోవాలి. ఏప్రిల్‌లో మీటింగు పెట్టుకుని చర్చించడానికి టైముండదు.

25 రోజుల ప్రణాళిక అంటే ఏమిటి? మొదటిది, ఏ ప్యాకేజీలు ఆ ఏడాది వదిలేయాలో ముందే తేల్చుకోవడం. పన్నెండింటినీ సగంసగం చేస్తే పన్నెండు కాలువలూ అటూఇటూ కాకుండా పోతాయి. తవ్వి వదిలేసిన వాలు జూన్ నీళ్లకు జారిపోతుంది, మళ్లీ ఏడాది అదే పని మళ్లీ చేయాలి. 72 మిక్సర్లు రోజుకు 2,160 ఘనపు మీటర్లు వేస్తాయి, 25 రోజులకు 54,000. అంటే తొమ్మిది ప్యాకేజీలు పూర్తిగా చేయొచ్చు. మూడు ఆపాలి. ఏ మూడో సర్కిల్ (ప్యాకేజీలన్నింటినీ చూసే పై ఆఫీసు) స్థాయిలో, ఫిబ్రవరిలో నిర్ణయం కావాలి. ఏ ప్యాకేజీ ఇంజనీరూ తన పని ఆపమని తానుగా రాయడు, రాయమని అడగడం కూడా అన్యాయం. ఉమ్మడి రిస్కు బాధ్యుడు ప్యాకేజీలన్నింటికీ పైన ఉన్నవాడే కావాలనడానికి ఇంతకంటే పెద్ద కారణం నాకు కనబడదు.

రెండోది, మూసివేతతో పనిలేకుండా చేయగలిగినదంతా బయటికి లాగడం. ఇది అన్నింటికంటే విలువైనది, ఎందుకంటే ఇది ఉమ్మడి కారణం నుంచే ప్యాకేజీని విడదీస్తుంది. వాలు మీద అక్కడికక్కడ కాంక్రీటు వేసే బదులు పలకలు డిసెంబరు నుంచి యార్డులో పోసుకుంటే, మూసివేతలో మిగిలేది వాటిని పరచడం, జాయింట్లు నింపడం. మే ఎండలో, కాంక్రీటు ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటకుండా చూడాలన్న నిబంధనతో కుస్తీ తప్పుతుంది. క్యూరింగుకు పది పద్నాలుగు రోజులు కావాలన్నా యార్డులో ఇబ్బంది లేదు. ఖర్చు పెరుగుతుంది, పలకలు ఎత్తడానికి క్రేను కావాలి, కింద మట్టి వాలు సరిగ్గా లేకపోతే పలకల మధ్య మెట్లు పడతాయి. అందుకని అన్నింటికీ వద్దు. ఒక మూడు నాలుగు ప్యాకేజీలకు చేస్తే మొత్తం పోర్ట్‌ఫోలియో విచలనం తగ్గుతుంది, మిక్సర్ల మీద ఒత్తిడీ తగ్గుతుంది.

మూడోది నిల్వ. ఇసుక, కంకర మార్చి ఆఖరుకు గట్టు మీదకు చేర్చాలి, దానికి డబ్బు కాంట్రాక్టరుకు ఫిబ్రవరిలోపు అందాలి. సైటుకు తెచ్చిన సామగ్రి మీద అడ్వాన్సు ఇచ్చే క్లాజు ఉంటే వాడండి. లేకపోతే వచ్చే టెండర్లలో పెట్టించండి.

నాలుగోది నిల్వ డబ్బు ఎక్కడ ఉంచాలన్నది. పన్నెండు ఎస్టిమేట్లలో పన్నెండు కంటింజెన్సీలుగా పంచేస్తే, ఒక్కోటి తన సొంత చిల్లర ఖర్చులకు వాడుకుంటుంది, ఉమ్మడి దెబ్బ తగిలిన రోజున ఎక్కడా పైసా ఉండదు. సొంత రిస్కుకు సరిపడా ప్యాకేజీల్లో ఉంచి, ఉమ్మడి ముక్కకు కావలసింది సర్కిల్ దగ్గర ఒకేచోట ఉంచాలి. తీయడానికి షరతు ఒకటే: పట్టికలో పేరున్న కారణం, దాని హద్దు దాటినప్పుడు.

ఒక మిత్రుడు చీటీ పంపారు. “గడువు పొడిగింపు ఇస్తే సరిపోదా? 2020లో కరోనాకు అలాగే చేశారు కదా.” మంచి ప్రశ్న. 2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది, సరిగ్గా మూసివేత ముందు. సెంట్రింగ్ ముఠాలు, ఇనుపపని వాళ్లు ఒడిశా, బెంగాల్, బిహార్ వెళ్లిపోయారు. మే 13న కేంద్రం తన సంస్థల కాంట్రాక్టర్లకు ఆరు నెలల దాకా పొడిగింపు ప్రకటించింది. రైల్వేకో హైవేకో అది నిజమైన ఉపశమనం. అలాంటి పొడిగింపు డెల్టా ప్యాకేజీకి ఇచ్చారనుకోండి. మే చివరి గడువుకు ఆరు నెలలు కలిపితే నవంబరు వస్తుంది. నవంబరులో కాలువ నిండా నీళ్లు. కాగితం మీద జరిమానా తప్పుతుంది, పని ఒక్క మీటరు కదలదు. డెల్టాలో పొడిగింపు నెలల్లో ఇవ్వకూడదు, మూసివేతల్లో ఇవ్వాలి: ఒక మూసివేత, రెండు మూసివేతలు. దానికి తగ్గట్టు బ్యాంకు గ్యారంటీ కాలం, ధరల సర్దుబాటు, సైట్లో వదిలేసిన సామాను కాపలా ఖర్చు కూడా అదే ఉత్తర్వులో తేల్చాలి. గ్యారంటీ గడువు ఒక్కటి మర్చిపోతే, పన్నెండింటికీ ఒకే బ్యాంకు, ఒకే తేదీ అయినచోట, అవన్నీ ఒకే శుక్రవారం సాయంత్రం మురిగిపోతాయి. ఆ తేదీలు కూడా పట్టికలో ఒక అడ్డవరుసగా వేసుకోండి.